భుజం తప్పితే వీపు

"మామయ్యా, ఒకసారి నీ చెయ్యి ఇస్తావా?"

ఆదివారం పొద్దున్నే మేనల్లుడు ఫోను చేసి ఇలా అడిగితే ఏ మామయ్య అయినా ఏమనుకుంటాడు? అప్పు అనుకుంటాడు. తెలుగులో చెయ్యి అందించడం వేరు, చెయ్యివ్వడం వేరు. రెండోదాంట్లో మా వంశానికి మంచి అనుభవం ఉంది కాబట్టి నేనూ ఆ ధైర్యంతోనే "దానికేం భాగ్యంరా" అన్నాను. తీరా చూస్తే వాడు అడిగింది నిజంగా చెయ్యే. మోచేతి నుంచి మణికట్టు దాకా, లోపలి వైపు, వెంట్రుకలు పెద్దగా లేని భాగం.

"సిలికాన్ షీటు మీద అయిపోయింది మామయ్యా. అరటితొక్కల మీద కూడా అయిపోయింది. ఇప్పుడు లైవ్ స్కిన్ మీద చెయ్యాలి."

లైవ్ స్కిన్. యాభై ఎనిమిదేళ్ళుగా దీన్ని నేను ఒళ్ళు అనుకుంటూ వచ్చాను.

మావాడు బీటెక్, మెకానికల్. నాలుగేళ్ళ చదువు ఆరేళ్ళలో పూర్తిచేసి, కోచింగ్ సెంటర్ల చుట్టూ రెండేళ్ళు తిరిగి, చివరికి ఒక అర్ధరాత్రి ఫోనులో రీల్ చూస్తుండగా తన జన్మకారణం కనుక్కున్నాడు. చిన్నప్పుడు గోడల మీద బొమ్మలు గీసేవాడట. మా అక్క కూడా సాక్ష్యం చెప్పింది. ఆ లెక్కన ఇంటింటా ఒక రవివర్మ ఉండాలి. గోడల మీద గీయని పిల్లాణ్ణి నేనింతవరకు చూడలేదు. కాకపోతే గోడకు సున్నం కొట్టించొచ్చు.

టాటూ కోర్సు ఏడు రోజులు. ఫీజు అరవై వేలు, కిట్టు దానికి అదనం. మొదటిరోజు మిషన్‌లో ఏ భాగం పేరేమిటో చెప్పారు. రెండోరోజు లైనరంటే గీతల సూది, షేడరంటే నింపే సూది. మూడోరోజు స్టెన్సిల్ అంటించడం. నాలుగోరోజు గురువుగారికి వేరే ఊళ్ళో పని పడింది. ఐదు, ఆరు రోజులు సిలికాన్ షీటు. ఏడోరోజు ఉదయం ఇన్‌స్టాగ్రామ్ పేజీ పెంచుకోవడం ఎలా అన్న పాఠం, మధ్యాహ్నం సర్టిఫికెట్టు, సాయంత్రం నల్లగ్లౌజులు తొడుక్కుని చేతులు కట్టుకున్న ఫోటో. ఆ ఫోటోలో నవ్వకూడదట. టాటూ ఆర్టిస్టు నవ్వితే చదరపు అంగుళానికి యాభై రూపాయలు పడిపోతుందని మార్కెట్లో ఒక లెక్క ఉన్నట్టుంది.

డ్రైవింగ్ నేర్చుకోవాలంటే ఎల్‌ఎల్‌ఆర్ తీసుకుని కనీసం ముప్పై రోజులు ఆగాలి. బండికి ముందూ వెనకా ఎర్రటి 'ఎల్' అక్షరం తగిలించుకుని, జనమా తప్పుకోండని ఊరందరికీ చాటుకోవాలి. మావాడి నుదుటి మీద ఏ ఎల్లూ లేదు. పేజీలో వాడి పేరు పక్కన 'ఆర్టిస్ట్' అని ఉంది, కింద 'అపాయింట్‌మెంట్ కోసం మెసేజ్ చెయ్యండి' అని ఉంది.

ఇంత తొందరెందుకో మొదట నాకు అర్థం కాలేదు. ధరలు విన్నాక అర్థమైంది.

టాటూ ధర చదరపు అంగుళాల్లో చెబుతారు. మావాడి గురువుగారి రేటు అంగుళానికి ఐదొందలు. నేను హైదరాబాదువాణ్ణి, నాకు ఏ లెక్కయినా గజాల్లోకి మారిస్తే గానీ బుర్రకెక్కదు. గజానికి 1296 చదరపు అంగుళాలు. అంటే ఒంటి మీద గజం ధర 6,48,000 రూపాయలు. 2023 ఆగస్టులో కోకాపేట నియోపోలిస్ వేలంలో ఎకరం 100.75 కోట్లు పలికిందని రాష్ట్రమంతా నోరు వెళ్ళబెట్టింది కదా, ఎకరానికి 4840 గజాల చొప్పున భాగిస్తే అప్పట్లో అక్కడ గజం రెండు లక్షల ఎనిమిది వేల చిల్లర. ఆటో స్టాండులో నిలబడినవాడి మోచెయ్యి ముందు ఆనాటి కోకాపేట మూడోవంతు కూడా కాదు! సగటు మనిషి చర్మమంతా విప్పి పరిస్తే ఉజ్జాయింపుగా రెండు గజాలు వస్తుంది. తాతలు ఏమీ మిగల్చలేదని ఏడ్చేవాడు కూడా పుట్టుకతోనే రెండు గజాల ఆసామి అన్నమాట. లింకు డాక్యుమెంట్లు అక్కర్లేదు, ఎన్‌కంబరెన్స్ అక్కర్లేదు. హైదరాబాదులో ఎవరి స్థలంలోనైనా ముందు పాగా వేసి తర్వాత కాగితాలు చూసుకునే అలవాటు ఉన్నవాళ్ళకు ఇంతకన్నా మంచి వెంచరు దొరకదు.

ఇక్కడా కూల్చివేతలు ఉంటాయి. ఈ శాఖ పేరు లేజర్. హైదరాబాదులో ఆక్రమణలు కూల్చే హైడ్రా అయితే ఒక్క పొద్దున బుల్డోజరుతో తేల్చేస్తుంది గానీ, ఈ శాఖ వారాల తరబడి విడతలుగా వస్తుంది, వచ్చిన ప్రతిసారీ బిల్లు ఇస్తుంది, కట్టడానికైన ఖర్చుకు కొన్ని రెట్లు కూల్చడానికి పుచ్చుకుంటుంది. అయినా పునాదుల ఆనవాళ్ళు పూర్తిగా పోతాయని హామీ ఇవ్వదు.

పోవు మరి. సూది దిగేది మిల్లీమీటరు, రెండు మిల్లీమీటర్లే. కానీ ఆ మిల్లీమీటరులోనే బతుకంతా ఉంది. పైపొరలో ఆగితే చర్మం రాలినప్పుడు రంగూ రాలిపోతుంది. దాన్ని దాటి కింది పొరలో పడాలి. ఇంకాస్త లోతుకు పోయిందా, చౌకరకం కాగితం మీద ఇంకు పెన్ను పెట్టినట్టు గీత చుట్టూ నీలం చిమ్ముతుంది. ఆ వృత్తివాళ్ళు దాన్ని బ్లోఅవుట్ అంటారు. మావాడు షేడింగ్ అంటాడు. సరైన పొరలో పడిన రంగును ఒంట్లోని రక్షకకణాలు శత్రువు వచ్చాడనుకుని మింగేస్తాయి. మింగి అరిగించుకోలేక అక్కడే కూర్చుంటాయి. అవి చచ్చిపోతే పక్కనున్న కొత్త కణాలు ఆ రంగును మళ్ళీ మింగుతాయి. ఈ సంగతి 2018లో ఎలుకల మీద చేసిన పరిశోధనలో బయటపడింది. అప్పు తీరక తండ్రి పోతే కొడుకు, కొడుకు పోతే మనవడు నోటు తిరగరాసినట్టు ఒంట్లో ఒక తప్పు గీత తరతరాలుగా చేతులు మారుతూ ఉంటుంది. ఏడు రోజుల సర్టిఫికెట్టు చేసే పని ఇంత దీర్ఘకాలికం.

మిషన్ చరిత్ర తవ్వితే నాకు ఇంకో ఆనందం కలిగింది. ఎడిసన్ మహాశయుడు 1876లో ఒక కరెంటు పెన్నుకు పేటెంటు తీసుకున్నాడు. కాగితానికి వరసగా బెజ్జాలు పొడిచి, ఆ బెజ్జాల్లోంచి సిరా పోనిచ్చి ఆఫీసు కాగితాలకు నకళ్ళు తీసే సాధనం అది. జెరాక్సుకు ముత్తాత వరస. న్యూయార్కులో శామ్యూల్ ఒరైలీ దాని సూత్రాన్నే తిప్పి 1891లో టాటూ మిషనుకు పేటెంటు సంపాదించాడు. అంటే ఈ యంత్రం పుట్టిందే నకళ్ళు తీయడానికి! నగరమంతటా ఒకే సింహం, ఒకే గడియారం, ఒకే గులాబీ, ముక్కలై ఎగిరిపోతూ పక్షులుగా మారే ఒకే ఈక. పాపం, పిల్లల తప్పు లేదు. యంత్రం తన పూర్వజన్మ వాసన మరిచిపోలేదు.

చట్టం ఏమంటుందని మావాణ్ణి అడిగాను. "మనకు అలాంటి ఇబ్బందులేం లేవు మామయ్యా" అన్నాడు. ఆరా తీస్తే నిజమే. మన వీధిలో మిరపకాయ బజ్జీల బండి పెట్టాలంటే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ కావాలి. ఊళ్ళోవాళ్ళ ఒంట్లోకి సూదితో రంగు ఎక్కించడానికి ఇన్నేళ్ళు నేర్చుకుని ఉండాలని, ఫలానా పరీక్ష ప్యాసవ్వాలని దేశం మొత్తానికీ వర్తించే చట్టమేదీ లేదు. దుకాణానికి మున్సిపాలిటీ ట్రేడ్ లైసెన్సు ఉంటే చాలు. అది పచారీకొట్టుకూ ఉంటుంది. దక్షిణ కొరియావాళ్ళు రెండో అంచున కూర్చున్నారు. అక్కడి సుప్రీంకోర్టు 1992లో టాటూ వేయడం వైద్యం అని తేల్చేసింది. డాక్టరు పట్టా లేనివాడు సూది పట్టుకుంటే నేరం. వేలమంది కళాకారులు ముప్పై ఏళ్ళకు పైగా దొంగల్లా బతికాక, 2025 సెప్టెంబరులో పార్లమెంటు చట్టం చేసి లైసెన్సు పద్ధతికి ఒప్పుకుంది. జపానులోనూ ఇదే గొడవ సుప్రీంకోర్టు దాకా పోయి 2020లో గానీ తేలలేదు. ఒకచోట డాక్టరైతేనే పొడవాలన్నారు, ఇంకొకచోట పొడవాలనిపిస్తే పొడవచ్చు. మనది ఎప్పుడూ ఉదార స్వభావమే. 'బాహుబలి'లో నీళ్ళలో చెయ్యి పెట్టుకుని ఏమరుపాటుగా పడుకున్న అమ్మాయి చేతి మీద హీరో ఆమెకు తెలియకుండానే బొమ్మ గీసేస్తే, అంగీకారపత్రం ఏదని హాల్లో ఒక్కరం అడిగామా?

శుభ్రత మాట ఎత్తితే మావాడు నొచ్చుకున్నాడు. "డెటాల్ వేసి తుడుస్తాం కదా." ఈసారి నేను వాడికి పాఠం చెప్పాను. సూదులు ఎప్పటికప్పుడు కొత్తవి వాడాలి. సూది బిగించే పిడిలాంటివి మళ్ళీ వాడేవైతే ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల ఆవిరిలో కనీసం పదిహేను నిమిషాలు ఉడకాలి. అంటే మీ అమ్మ పప్పు వండే కుక్కరంత ఒత్తిడి. ఇంట్లో కందిపప్పుకు నాలుగు కూతలు కూయించే దేశంలో సూది పిడికి ఒక్క కూతా లేదు. హెపటైటిస్ బి వైరస్ ఒంటి బయట, ఎండిన రక్తపు మరకలో కూడా ఏడు రోజులు బతికుండగలదు. కోర్సూ ఏడు రోజులే. ఇద్దరూ ఒకే రోజు చేరితే ఒకే రోజు పట్టా పుచ్చుకుని బయటికి వస్తారు. టాటూ వేయించుకున్నవాడు రక్తం ఇస్తానని వస్తే మన బ్లడ్ బ్యాంకులు ఏడాది ఆగి రమ్మంటాయి. ఈ వృత్తి లోతు మున్సిపాలిటీకన్నా బ్లడ్ బ్యాంకుకు బాగా తెలుసు.

రంగుల గురించి ఎక్కువ చెప్పను. ఐరోపావాళ్ళు 2022 జనవరి నుంచి టాటూ సిరాల్లోని వేల రసాయనాల మీద ఆంక్షలు పెట్టారు. మావాడి సిరా సీసా మీద డ్రాగన్ బొమ్మ ఉంది. చదవగలిగింది అదొక్కటే.

ఇంతకీ చెయ్యి సంగతి. నేను ఇవ్వలేదు. బావగారు షుగరుందని తప్పించుకున్నారు. సంక్రాంతికి అందరం కలిసినప్పుడు చూడాలి తమాషా: మావాడు హాల్లోకి వచ్చేసరికి పదిహేనుమంది బంధువులు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు, ప్రిన్సిపాల్ వచ్చినట్టు. "తాతాచార్యుల ముద్ర భుజం తప్పితే వీపు తప్పదు" అని మనకో సామెత ఉంది. తాతాచార్యులు వైష్ణవగురువు. శంఖచక్రాలు కాల్చి భుజాల మీద ముద్రలు వేసేవారు. భయపడి పక్కకు తిరిగితే వీపు మీద పడేదట. నయం, ఆయన పుణ్యం వస్తుందని చెప్పి వేసేవారు. వీళ్ళు ఫాలోవర్లు వస్తారని చెప్పి వేస్తున్నారు.

మా భుజాలు తప్పించుకున్నాం సరే, ముద్ర ఎవరి వీపున పడింది?

ఇది అసలు ఎవరూ చెప్పని పాఠం. 'ఉచిత టాటూ, మోడల్స్ కావలెను' అని మావాడు పేజీలో పెట్టాడు. మోడల్స్ అంటే ఎవరనుకున్నారు? మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ కొడుకు. టీకొట్టులో గ్లాసులు కడిగే కుర్రాడు. ఫుడ్ డెలివరీ చేసే శ్రీకాకుళం పిల్లాడు. స్టూడియోకు పోయి అంగుళానికి ఐదొందలు పెట్టలేనివాళ్ళందరూ లైవ్ స్కిన్ కోటా కింద వచ్చారు. వెయ్యిమందిని చంపినవాడు అరవైద్యుడని సామెత చెప్పి నవ్వుకుంటాం గానీ, ఆ వెయ్యిమందిలో చెప్పినవాడి బంధువులు ఎప్పుడూ ఉండరు. అరటితొక్క అయ్యాక, మామయ్య చెయ్యి దొరకనప్పుడు, వాచ్‌మన్ కొడుకు చెయ్యి. ఈ వరస ఒక్క టాటూకే పరిమితం కాదనుకోండి, కానీ మిగతా వృత్తుల్లో కనీసం కాగితం మీదైనా ఒక పెద్దమనిషి పక్కన నిలబడతాడు.

ఒక మధ్యాహ్నం నేనే చూశాను. మావాడు మా అక్కవాళ్ళ ఇంటి మేడ మీద ఇస్త్రీగదిని స్టూడియో చేశాడు. ఒక ఆటో డ్రైవరు వచ్చాడు, ముప్పై ఐదేళ్ళుంటాయి. తల్లి పోయి నెల దాటిందట, ఇంకా మీసాలు సరిగా రాలేదు. తల్లి పేరు ముంజేతి మీద వేయించుకుంటానన్నాడు. పేరు లక్ష్మి. మావాడు ఫోనులో ఏదో ఆప్‌లో టైపు చేశాడు. అది మన ఒత్తులు ఎరగని పరదేశీ ఆప్. అక్షరాలు తెర మీద విడివిడిగా పడ్డాయి: లక్‌ష్‌మి. క కు పొల్లు, ష కు పొల్లు, చివర మి. మూడు వాటాలు పంచుకుని వేరుపడ్డ అన్నదమ్ముల్లా. ఫ్లెక్సీ బ్యానర్ల మీద రోజూ చూస్తాం ఈ ముక్కల తెలుగు. చూసీ చూసీ మావాడి కంటికి అదే సహజంగా కనబడింది. స్టెన్సిల్ తీసి అంటించాడు. ఆటో ఆయన చేతి వైపు చూసుకుని, "ఇలాగేనా అన్నా రాసేది?" అన్నాడు. ఆయనకు అక్షరాలు కూడబలుక్కునే పాటి చదువే గానీ, తల్లి పేరు రేషన్ కార్డు మీద వెయ్యిసార్లు చూసిన కళ్ళు కదా.

"స్టైలన్నా. మోడర్న్ ఫాంట్" అన్నాడు మావాడు. మిషన్ ఆన్ చేశాడు.

నేను స్విచ్చి తీసేశాను. కాగితం తెప్పించి, నా వంకర రాతతోనే లక్ష్మి అని రాశాను. క కింద ష ఒత్తు, దాని పక్కన మ ఒత్తు, పైన గుడి. ఆటో ఆయన కాగితం చేతిలోకి తీసుకుని చూసి, "ఆఁ, అమ్మ ఇదే" అన్నాడు. నేనేదో ఘనకార్యం చేశానని కాదు. ఆ గంట నేను మేడ ఎక్కకపోతే ఆ మనిషి బతికినన్నాళ్ళూ ముక్కలైన తల్లిని మోసేవాడు. నేను ఎక్కని మేడలు నగరంలో ఎన్ని?

పార్టీల మాట చెప్పుకోవాలి. ఎన్నికలొస్తే ఈ వృత్తికి సంక్రాంతి. నాయకుడి బొమ్మ గుండెల మీద, పార్టీ గుర్తు భుజం మీద. కార్యకర్త ఒంటి మీద గుర్తు ఆరి చెక్కు కట్టేలోగా నాయకుడు కండువా మార్చేస్తాడు. కండువా నూలుది, ఉతికి ఆరేసుకోవచ్చు. చర్మం సంగతే చిక్కు. మావాడి గురువుగారి దగ్గర ఇలాంటి పాత గుర్తుల మీద సింహం బొమ్మ వేసి కప్పెట్టే ప్యాకేజీ ఉంది. నగరంలో సింహాలు ఇంతగా ఎందుకు పెరిగిపోయాయో నాకు అప్పుడు తెలిసింది. ప్రతి సింహం కింద ఒక పాత పార్టీయో, ఒక పాత ప్రేమో పడుకుని ఉంది.

ఆర్మీకి పోదామని మైదానాల్లో పరిగెత్తే కుర్రాళ్ళది ఇంకో వ్యథ. ముంజేతి లోపలి వైపు, అరచెయ్యి వెనక తప్ప ఒంటి మీద ఇంకెక్కడ శాశ్వత టాటూ ఉన్నా ఆర్మీ తీసుకోదు. ఆచారంగా పొడిపించుకునే గిరిజనులకు మాత్రం మినహాయింపు. ఈ ముక్క ఆ ఏడు రోజుల పాఠాల్లో ఎక్కడా లేదు. మెడ మీద 'ఇండియన్ ఆర్మీ' అని పొడిపించుకుని ఆర్మీ ర్యాలీకి పోవాలని తయారవుతున్న పిల్లాడొకడు మా వీధిలోనే ఉన్నాడు. వాడి మెడ మీద గీసిన ఆర్టిస్టుకు దేశభక్తి ఎక్కువ, ఆరా తక్కువ.

గిరిజనులన్నాను కదా, ఇక్కడ కాసేపు ఆగుతాను. మావాడి పేజీలో 'మోడర్న్ ట్రైబల్' అని ఒక విభాగం ఉంది. నల్లటి కొక్కేలు, ముళ్ళు. ఎక్కడో పసిఫిక్ దీవుల డిజైన్లు, వయా అమెరికా. ఇదెవరి కళరా అంటే ఫారిన్‌ది మామయ్యా అన్నాడు. ఆదిలాబాదు అడవుల్లో గోండులకు పచ్చబొట్లు పొడిచేది తోటి ఆడవాళ్ళు. మన పల్లెల్లో ఎరుకల ఆడవాళ్ళు. బుట్ట చంకన పెట్టుకుని వీధిలోకి వస్తే మూగిన ఆడపిల్లలు మూగినట్టే ఉండేవారట. దీపపుమసి, చంటిపిల్లల తల్లి పాలు, దారంతో కట్టిన సూదుల కట్ట, పైన పసుపు. వాళ్ళకు ఏడురోజుల కోర్సు లేదు; తల్లి చేతిని చూస్తూ పెరిగిన బాల్యమంతా కోర్సే. దానికి తెల్లదొరల ప్రభుత్వం ఇచ్చిన సర్టిఫికెట్టు ఏమిటో తెలుసా? 1911 నేరస్త తెగల చట్టం. మద్రాసు ప్రెసిడెన్సీలో ఎరుకలవాళ్ళను పుట్టుకతోనే నేరస్తులని రాసుకుని, స్టూవర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లలో పెట్టి హాజరు పిలిచారు. ఆ చట్టం దేశమంతటా తీసేసింది 1952లో. అంతకు ముందు ఈస్టిండియా కంపెనీవాళ్ళు ఇంకో అడుగు ముందుకేసి, యావజ్జీవ ఖైదీల నుదుటి మీద వాళ్ళ నేరాన్నే పచ్చబొట్టుగా పొడిపించేవారు. 1849లో గానీ మానలేదు. బ్రహ్మ రాసిన రాత కనబడదని వాళ్ళకు బెంగ కాబోలు.

ఇప్పుడు అదే సూదికి ఏసీ గది, నల్లగ్లౌజులు, ఇంగ్లీషు పాట. పొడిచేది మారలేదు, పొడిచేవాళ్ళ కులం మారింది. రేటు మానెడు బియ్యం నుంచి అంగుళానికి ఐదొందలయింది. ఈ అకాడమీల్లో ఎరుకలామెను పిలిచి ఒక్క గంట పాఠం చెప్పించినవాళ్ళను నేను చూడలేదు.

పండక్కి అమ్మ మా దగ్గరే ఉంది. ఎనభై నాలుగేళ్ళు. ముంజేతి మీద ఒక తేలు, గడ్డం మీద చుక్క. తెనాలి పక్క పల్లెలో తొమ్మిదేళ్ళప్పుడు పొడిపించుకున్నవి. తేలు ఇప్పుడు ఆకుపచ్చగా ఉబ్బి, చర్మపు మడతల్లో ముసలిదైపోయింది గానీ, కాళ్ళు లెక్కపెడితే ఎనిమిదికి ఎనిమిదీ ఉన్నాయి. మావాడు ఫోను లైటు వేసి పరీక్షగా చూశాడు. బ్లోఅవుట్ లేదన్నాడు. ఆ మాట వాడు మొదటిసారి మర్యాదగా పలకడం విన్నాను.

"ఎన్ని వేశావురా ఇప్పటిదాకా?" అంది అమ్మ.

"పద్నాలుగు అమ్మమ్మా."

"అందరూ నీకు చేతులు దాచుకుంటున్నారంట కదా. ఇదిగో, ఈ చెయ్యి ఖాళీగానే ఉంది. చెడిపోయినా ఎంత కాలంలే." చీరకొంగు పక్కకు తీసి కుడిచెయ్యి చాపింది. "ఓ చుక్క పెట్టు. బొమ్మలొద్దు. చుక్క చాలు."

వాడు కిట్టు తెచ్చాడు. కొత్త సూది విప్పాడు, గ్లౌజులు వేసుకున్నాడు, స్పిరిట్ దూదితో తుడిచాడు. అన్నీ సరిగ్గానే చేశాడు. అమ్మ చర్మం ఉల్లిపొర. కింద నరాలు నీలంగా కదులుతున్నాయి. మిషన్ ఝుమ్మంది. వాడు సూదిని అంగుళం దూరం దాకా తెచ్చి ఆగాడు. మళ్ళీ తెచ్చాడు, మళ్ళీ ఆగాడు. సిలికాన్ షీటుకు ఎనభై నాలుగేళ్ళుండవు. చివరికి మిషన్ ఆపేసి, "నావల్ల కాదమ్మమ్మా" అన్నాడు.

"ఆ ఎరుకలామె చెయ్యి వణకలేదురా" అంది అమ్మ, చెయ్యి వెనక్కి తీసుకుంటూ. ఎగతాళిగా కాదు, గుర్తొచ్చి.

వాడికి జ్ఞానోదయం అయిందని, ఎవరి దగ్గరైనా రెండేళ్ళు శుశ్రూష చేసి నేర్చుకుంటాడని నేను సంబరపడ్డాను. అక్కకు ఫోను చేసి చెప్పాను కూడా. జ్ఞానోదయం నిజంగానే అయింది. ఈ పనిలో పొడవడం కష్టమని, పొడవడం నేర్పడం తేలికని వాడు గ్రహించాడు.

మార్చిలో అకాడమీ పెట్టాడు. కోర్సు ఐదు రోజులు. పద్నాలుగు టాటూల ఫోటోలూ ఫ్లెక్సీ మీద వేయించాడు. లక్ష్మి కూడా ఉంది అందులో, ఫ్లెక్సీవాడు మళ్ళీ టైపు చేసి మూడు ముక్కలు చేశాడు.

మొన్న ఆదివారం పొద్దున్నే ఫోను. "మామయ్యా, మొదటి బ్యాచ్‌లో పన్నెండుమంది చేరారు. మీ అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒక మాట వేస్తావా? ఓనర్లు వద్దులే. పనివాళ్ళ గ్రూపులో వెయ్యి."